తొమ్మిదో తరగతి ‘తర్వాత’ పెట్టె

తన పరువును తానే గోనెసంచిలో నింపుకుని, మూడు బస్సులు మారి, లగేజీ టికెట్టు దగ్గర కండక్టరుతో పోట్లాడి మరీ మోసుకెళ్లి, పై అధికారి ముందు సంచి మూతి విప్పి కుమ్మరించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే బెంగపడకండి. ఇంకాసేపట్లో చూస్తారు. ఆ మనిషిని నేనే. సంచిలో ఉన్నవి మామిడికాయలు. ఇన్నేళ్లయినా దమ్మపేట బస్టాండులో నా పాత విద్యార్థులెవరైనా ఎదురైతే వాళ్లకు ముందు నవ్వు వస్తుంది, ఆ తర్వాతే నమస్కారం వస్తుంది.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన రోజులవి. నాకు కొత్తగా బయాలజీ టీచరు ఉద్యోగం వచ్చింది. దమ్మపేట దాటాక తారురోడ్డు సన్నబడి, అడవి మొదలయ్యే చోట ఉంది మా హైస్కూలు. పిల్లల్లో ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ అడవి పల్లెల వాళ్లే. పొద్దున్నే రెండు మూడు కిలోమీటర్లు నడిచి వచ్చేవాళ్లు. నేను ఎర్రుపాలెం పక్క పల్లెవాణ్ణి. మా నాన్నకు అక్కడ చిన్న మామిడితోట ఉంది. దమ్మపేటలో ఒక గది కిరాయికి తీసుకుని, నేను వండుకున్న అన్నాన్ని నేనే తిట్టుకుంటూ తినేవాణ్ణి. ఎందుకంటే కొత్తగా పెళ్లయిన మా ఆవిడ ఖమ్మంలో బీఈడీ చదువుతోంది. నాకు ఆదివారాలు మాత్రమే సంసారం.

ఈ నేపథ్యంలో నన్ను ఖమ్మంలో పదిరోజుల శిక్షణకు పంపారు. ‘తరగతి గదిలో పనికొచ్చే వ్యూహాలు’ అని పేరు. మిగతా టీచర్లు టీ ఎప్పుడిస్తారా అని గడియారం చూస్తుంటే, నేను ఒక్కణ్ణే ముందు బెంచీలో కూర్చుని ప్రతి ముక్కా రాసుకున్నాను. వాళ్లిచ్చిన జిరాక్సు కాగితాలకు అట్ట వేసుకున్నాను. బడికి తిరిగొచ్చేసరికి నేను మామూలు టీచర్ని కాను, వ్యూహకర్తను.

మొదట ‘వెంటనే బహుమతి’ అనే వ్యూహం ప్రయోగించాను. జవాబు చెప్పిన నిమిషంలోపు పిల్లవాడి చేతిలో ఏదో ఒకటి పడాలి. పిప్పర్మెంట్లు కొనుక్కొచ్చాను. అంతకుముందు ప్రశ్న అడిగితే బల్లల కింద పెన్సిల్ వెతుక్కునే తొమ్మిదో తరగతి, చేతులెత్తి “సార్ సార్ సార్” అని అరవడం మొదలుపెట్టింది. వాళ్లలో నాగమణి అనే అమ్మాయి ఉండేది. ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పేసి, నేను ప్రశ్న పూర్తిచేసే వరకు జాలిగా ఎదురుచూసేది.

రెండో ప్రయోగం ‘తర్వాత’ పెట్టె. పాఠం మధ్యలో పిల్లలు సంబంధం లేని మాటలు ఎత్తితే తిట్టకూడదట. చీటీ మీద రాయించి ఒక పెట్టెలో వేయించాలట. బూట్ల పెట్టె ఒకటి సంపాదించి, మూతకు గాటు పెట్టి, ఎర్ర స్కెచ్‌తో ‘తర్వాత’ అని రాసి బల్ల మీద పెట్టాను. ఈ పెట్టె ముఖ్యంగా ముత్తయ్య కోసం పుట్టింది. వాడికి పాఠం తప్ప అన్నింటి మీదా సందేహాలే. నేను గుండె బొమ్మ గీస్తుంటే “సార్, కోడికి చెమట పడ్తదా?” అనేవాడు. “చీటీ రాయి, పెట్టెలో వెయ్యి, తర్వాత చూద్దాం” అనేవాణ్ణి. శనివారం పెట్టె తెరిస్తే నిండా కోళ్లూ, మేకలూ, ఒంటిపూట బడులు ఎప్పటినుంచి అన్న విచారణలూ ఉండేవి.

మార్చి నెల చివర్లో హెడ్మాస్టరు రాఘవయ్యగారు నన్ను గదిలోకి పిలిచారు. ఆయన ఖమ్మం మనిషి. ఆ ఏడు జూన్‌లోనే మా బడికి వచ్చారు.

“ఎల్లుండి ఆఫీసర్ మేడమ్ వస్తున్నరు. నీ పాఠమే చూస్తరట. ఖమ్మంల ట్రైనింగు ఇచ్చేటందుకు ఈ పక్క మండలాల నుంచి ఒక్కర్ని తీస్కుంటరట. రెండేండ్లు గాడనే డ్యూటీ. నీ పేరు నేనే జెప్పిన. జర పరువు నిలబెట్టు.”

ఖమ్మం! రెండేళ్లు! నా కళ్ల ముందు ఇంకొకరు వండిన అన్నం, దాని మీద పప్పు, దాని మీద నెయ్యి, వరసగా వచ్చి నిలబడ్డాయి. ఆ సాయంత్రమే ఎస్టీడీ బూతు నుంచి మా ఆవిడకు ఫోన్ చేశాను.

“రెండు గదుల ఇల్లు చూడు,” అన్నాను.

“ఇంకా పాఠం చెప్పలేదు కదండీ,” అంది.

“చెప్పినట్టే అనుకో.”

ఇక్కడ ఆగి ఉంటే నేను ఈ కథ చెప్పాల్సిన అవసరమే వచ్చేది కాదు. పిప్పర్మెంట్లతో నెట్టుకొస్తే చాలు. కానీ వ్యూహకర్తకు మామూలు పిప్పర్మెంటు ఆనుతుందా? నా కాగితాల్లో ఏడో పేజీలో ‘స్థానిక వనరులను వాడండి’ అని గీత గీసి ఉంది. స్థానికంగా ఏముంది? మార్చి నెల! పచ్చిమామిడి! ఉప్పూ కారమూ అద్దిన మామిడి ముక్క చూస్తే గోడ కూడా జవాబు చెబుతుంది కదా! ఆ ఆలోచన వచ్చిన రాత్రి నా తెలివికి నాకే ముచ్చటేసింది. మర్నాడు సెలవు పెట్టి ఊరెళ్లాను. మా తోటలో అన్నిటికంటే ముందు కాసే చెట్టు ఒకటుంది. దాని కాయలు సంచెడు కోయించుకొచ్చాను.

తెల్లారి సంచి చూసి హెడ్మాస్టరుగారు అడిగారు. “ఏంది సారూ గా సంచిల?”

“స్థానిక వనరులు సార్.”

“స్థానికమేంది? మీ ఎర్రుపాలెం నుంచి మోస్కొస్తివి గద!”

“వ్యూహం సార్,” అన్నాను. ఆయన ఇంకేం అనలేదు. వ్యూహం అన్న మాటకు ఆ రోజుల్లో అంత బలం ఉండేది.

ఆఫీసరుగారు వచ్చారు. నెరిసిన జుట్టు, కాటన్ చీర, చేతిలో చిన్న డైరీ. పూర్వం లెక్కల టీచరట. వెనక బెంచీలో హెడ్మాస్టరుగారి పక్కన కూర్చుని, “మీరు కానివ్వండి మాస్టారూ,” అన్నారు. నేను బల్ల మీద కాయలు గుట్టగా పోశాను. ఒకదాన్ని చాకుతో కోశాను. పుల్లటి వాసన గదంతా నిండింది. నా నోట్లోనే నీళ్లూరాయి. తరగతి వైపు గర్వంగా తిరిగాను.

తరగతి నా వైపు చూడటం లేదు. ముప్పై ఒక్క మందిలో సగం మంది పైకప్పు రేకులు లెక్కపెడుతున్నారు. మిగతా సగం కాలి వేళ్లు చూసుకుంటున్నారు.

“ఈ రోజు జవాబు చెప్పినవాళ్లకు ఒక్కో మామిడికాయ!” అని ప్రకటించాను. “ఉప్పూ కారం కూడా ఉంది. ఇక్కడే తినొచ్చు!”

చప్పట్లు వస్తాయనుకున్నాను. ఎవరో వెక్కిళ్లు ఆపుకున్న చప్పుడు వచ్చింది.

“ఆకు ఆహారం తయారు చేసుకునేటప్పుడు బయటికి వదిలే వాయువు ఏది?”

ఒక్క చెయ్యీ లేవలేదు. సరే, మేడమ్‌ను చూసి భయపడ్డారు అనుకున్నాను. నా తురుపు ముక్క నా దగ్గరుంది కదా. “నాగమణీ, నువ్వు చెప్పమ్మా.”

నాగమణి లేచింది. బల్ల మీది మామిడికాయను చూసింది. నన్ను చూసింది. ఉరిశిక్ష వినబోయే మనిషిలా ఊపిరి పీల్చుకుని, “కార్బన్ డై ఆక్సైడ్ సార్,” అంది.

“సరిగ్గా ఆలోచించు. మొన్న ఏం చెప్పావు?”

“మొన్న పిప్పర్మెంట్ సార్.”

వినండి, ఆ అమ్మాయి నాకు మొత్తం విషయం మూడు మాటల్లో చెప్పేసింది. బుర్ర ఉన్నవాడికైతే అక్కడ అర్థం కావాలి. నేను మాత్రం, “పిప్పర్మెంట్ వాయువు కాదమ్మా,” అన్నాను. వెనక హెడ్మాస్టరుగారు దగ్గారు.

ముత్తయ్యను లేపాను. “మనిషి గుండెకు గదులెన్ని?”

“ఏడు సార్.”

“ఏడా! బడికి కూడా అన్ని గదుల్లేవు కదరా!”

“అయితే తొమ్మిది సార్.” కూర్చోబోయి మళ్లీ లేచాడు. “సార్, ఒక మాట.”

“పాఠం గురించేనా?”

“కాదు సార్. గా మామిడికాయలు...”

నాలో వ్యూహకర్త నిద్ర లేచాడు. ఆఫీసరుగారి ముందు నా పెట్టెను చూపించే అవకాశం వచ్చిందని లోపల సంబరపడ్డాను. చిరునవ్వుతో, “చీటీ రాయి, పెట్టెలో వెయ్యి. తర్వాత చూద్దాం,” అన్నాను. మేడమ్ డైరీలో ఏదో రాసుకున్నారు. మార్కులే అనుకున్నాను. ముత్తయ్య చీటీ రాసి వేశాడు. వాణ్ణి చూసి ఇంకో నలుగురు వేశారు. పాఠం మునుగుతోంది కానీ పెట్టె మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

ప్రశ్న తేలిక చేశాను. బహుమతి పెంచాను. “రెండేసి కాయలు!” అన్నాను. పిల్లలు బెంచీల్లో ఇంకాస్త వెనక్కి జరిగారు. “ఇదిగో, ఇంటికి కూడా పట్టుకెళ్లొచ్చు!” అన్నాను. ఒక పిల్ల రెండు చేతులతో కళ్లు మూసుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది ఇంకో వ్యూహం. ‘పిల్లలు సంకోచిస్తే ముందు మీరే చేసి చూపండి.’ వెంటనే ఒక కాయ తీసుకుని, ఉప్పూ కారం అద్దుకుని, పళ్లు పులిసిపోతున్నా ఆనందం నటిస్తూ, కరకరా నమిలాను. తరగతి మొత్తం ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. రెండో కాయ కూడా తిన్నాను. “సార్, వద్దు సార్,” అంది నాగమణి చిన్నగా. తనకు మిగలవని బాధపడుతోంది కాబోలనుకుని, “చాలా ఉన్నాయమ్మా,” అని మూడోది అందుకున్నాను.

ఇంక మిగిలింది చివరి పరీక్ష. బోర్డు మీద పది వాక్యాలు రాశాను. ఒక్కోదానికి ఎదురుగా ఒప్పో తప్పో రాయాలి. “ఎనిమిది సరిగ్గా రాస్తే కాయ,” అన్నాను. ముఖాలు చూసి, “పోనీ అయిదు,” అన్నాను. ఆఫీసరుగారు గడియారం చూసుకున్నారు. “సరే, ఒక్కటి! ఒక్కటి రైటయినా ఒక కాయ! కాదనడానికి వీల్లేదు, నేనే చేతిలో పెడతాను!”

ఆ మాటతో తరగతి తలలు వంచి రాయడం మొదలుపెట్టింది. అంత శ్రద్ధగా వాళ్లు వార్షిక పరీక్ష కూడా రాయలేదు. కొందరు ఒక జవాబు రాసి, గోళ్లు కొరుక్కుని, కొట్టేసి మార్చారు. జవాబు కాగితం నాకిచ్చి వెళ్తూ ప్రతి ఒక్కరూ పెట్టెలో ఓ చీటీ వేసి వెళ్లారు.

అక్కడే దిద్దాను. నాగమణికి సున్నా. పక్క పిల్లకు సున్నా. మూడో కాగితం సున్నా. ఒకదాని తర్వాత ఒకటి దిద్దుకుంటూ పోయాను. ముప్పై మందికి ముప్పై సున్నాలు. ముత్తయ్యకు ఒక్కటి రైటు. పక్కకెళ్లి ఏడవాలనిపించింది. ఎనిమిది నెలలుగా గొంతు పోయేలా చెప్పిన పాఠం, ఖమ్మంలో రెండు గదుల ఇల్లు, అన్నీ ఆ సున్నాల్లో పడి పోయాయి. అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. పిల్లలు కావాలనే నన్ను నలుగురిలో దించేశారనుకున్నాను.

అయినా మాట మాటే కదా. ఒక కాయ పట్టుకుని ముత్తయ్య దగ్గరికి వెళ్లాను. వాడు బెంచీ చివరికి జరిగి, గోడకు అతుక్కుని, నిజంగా కళ్లలో నీళ్లు పెట్టుకున్నాడు.

“వద్దు సార్! గా ఒక్కటి నాకు తెల్వలే సార్! తెలిస్తే తప్పే రాసేటోణ్ణి!”

వెనక బెంచీ నుంచి ఆఫీసరుగారు లేచి వచ్చారు. ఆ కాగితాలన్నీ తీసుకుని ఒక్కొక్కటే తిప్పారు.

“మాస్టారూ, ఒప్పూ తప్పుల పరీక్షలో కళ్లు మూసుకుని రాసినా పదికి నాలుగో అయిదో కలుస్తాయి. పదికి పదీ తప్పు రాయాలంటే పదికి పదీ తెలిసుండాలి. ముప్పై మంది! నా సర్వీసులో ఇంత బాగా చదివిన తరగతిని నేను చూడలేదు. ఆ ఒక్కటి ఈ బాబుకు నిజంగానే తెలియదు, అంతే. ఇంతకీ ఆ పెట్టె ఏమిటి?”

“తర్వాత పెట్టె మేడమ్. శనివారం తెరుస్తాం.”

“ఇప్పుడే తెరవండి.”

తెరిచాను. మొదటి చీటీ చదవమన్నారు. పైకి చదివాను. “సార్, మా ఊళ్ల మామిడి పండుగ ఇంక కాలే. పండుగ కాకముందు మేము కాయ తినం. ఇంటికి తేం. మీరు తెచ్చిన్రని కోపం లేదు. ముత్తయ్య.”

రెండోది: “సార్, మామిడి పండుగ కాలే.” మూడోది అదే. నాలుగోది: “సార్ మూడు కాయలు తిన్నరు. కడుపు మంచిగున్నదా?” తర్వాత వరసగా ముప్పై దాకా అదే ముక్క, రకరకాల చేతిరాతల్లో. అడుగున నాగమణిది: “సార్, జవాబులు అన్నీ వస్తయి. పిప్పర్మెంట్లు తెస్తే చెప్తం.”

హెడ్మాస్టరుగారు తల పట్టుకున్నారు. “గిదంత నడుస్తుంటే ఒక్కరన్న నోరు తెరిచి చెప్పొద్దా బిడ్డా?”

నాగమణి లేచి నిలబడింది. “ముత్తయ్య చెప్పబోయిండు సార్. పెట్టెల వెయ్యమన్నరు. ఇంక మేడమ్ ముంగట సార్ తెచ్చినవి మాకొద్దంటే సార్‌కు చిన్నతనం గాదా సార్? అందుకే తప్పు చెప్పుకుంట వచ్చినం.”

ఆ అమ్మాయే మేడమ్‌కు విషయం వివరించింది. కొత్తగా ఏ కాయ వచ్చినా ముందు ఊరంతా కలిసి పండుగ చేసి దేవతకు పెట్టాలి. ఆ తర్వాతే ఎవరైనా నోట పెట్టాలి. పండుగ ఏ రోజన్నది ఊరి పెద్దలు కూర్చుని చెబుతారు. ఈ ఏడు ఇంకా చెప్పలేదు. పిల్లలు చెట్ల కింద నుంచే రోజూ బడికొస్తారు. నెలరోజులుగా నెత్తి మీద కాయలు వేలాడుతున్నా ఒక్కరూ చెయ్యి పెట్టలేదు. అలాంటి వాళ్ల ముందు నేను సంచెడు పోసి, కోసి, నమిలి, ఇంటికి కూడా పట్టుకెళ్లమన్నాను. స్థానిక వనరులట!

ఆఫీసరుగారు సంచి బయట పెట్టించారు. “ఇప్పుడు బహుమతి ఏమీ లేదు. ఆకు వదిలే వాయువు ఏది?” అన్నారు. ముప్పై ఒక్క చేతులు లేచాయి. “ఆక్సిజన్!” అన్న అరుపుకు పైకప్పు రేకులు మోగాయి. గుండెకు నాలుగు గదులని ముత్తయ్య అందరికంటే గట్టిగా అరిచాడు. వెళ్లే ముందు మేడమ్ బడి పుస్తకంలో రెండు వాక్యాలు రాసి సంతకం చేశారు. ‘విద్యార్థులు: అద్భుతం. ఉపాధ్యాయుడు: నేర్చుకోగలడు, శ్రద్ధ పెట్టాలి.’ ఖమ్మానికి ఇంకో మండలం నుంచి ఇంకొకాయన వెళ్లాడు. ఆ సాయంత్రం మా ఆవిడకు ఫోన్ చేసి, “రెండు గదులు వద్దులే,” అన్నాను. కడుపు కూడా మంచిగా లేదు. పచ్చికాయలు మూడు తింటే ఎవరికైనా అంతే, అది వేరే సంగతి. కానీ మర్నాడు నేను బడికి రాకపోయేసరికి తొమ్మిదో తరగతి మాత్రం పండుగ కాకముందు కాయ తిన్నందుకేనని తేల్చేసింది, వాళ్లకు వేరే కారణం ఏదీ అక్కర్లేకపోయింది.

ఏప్రిల్‌లో, సెలవులకు నాలుగు రోజుల ముందు, నేను తరగతిలోకి వెళ్లేసరికి బల్ల మీద బుట్ట నిండా మామిడికాయలున్నాయి. పక్కన కాగితంలో ఉప్పూ కారం.

“పండుగ అయింది సార్,” అంది నాగమణి. “ఇయ్యాల మేము అడుగుతం. మీరు జవాబు చెప్తే కాయ.”

పిల్లల బెంచీలో కూర్చున్నాను.

“మామిడి కంటే ముందు మేము ఏ కాయకు పండుగ చేస్తం?”

“ఉసిరి?”

“చిక్కుడు సార్. ఇప్పపువ్వు ఎప్పుడు రాలుతది?”

బయాలజీలో నాకు డిగ్రీ ఉంది. “సాయంత్రం,” అన్నాను ధైర్యంగా.

“తెల్లారగట్ల సార్! తునికాకు ఒక కట్టకు ఎన్ని ఆకులు?”

“వంద.”

“యాభై!” అంది తరగతి అంతా.

మూడుకు మూడూ తప్పు. బుట్ట దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. ముత్తయ్య నన్ను కాసేపు జాలిగా చూసి, పక్కవాడితో అందరికీ వినబడేలా అన్నాడు:

“సార్‌కు అన్నీ వస్తయి రా. వాళ్ల ఊళ్ల పండుగ ఇంక కానట్టున్నది.”

ఆ నవ్వుల మధ్య వాడే లేచి వచ్చి ఒక కాయ నా చేతిలో పెట్టాడు. నాకు నిజంగానే ఒక్కటీ తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. అంత గౌరవం నాకు ఆ తర్వాత మళ్లీ ఎవరూ ఇవ్వలేదు.

కనుక ఆ కాయ మీద చెయ్యి వేసి, తొమ్మిదో తరగతి సాక్షిగా, నేను ఘోర ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో ఏ తరగతిలోనైనా సరే, ముందు పెట్టె తెరుస్తాను, తర్వాతే నోరు తెరుస్తాను. అలా అనేసి కాయ కొరకబోయి, ఒక్క క్షణం ఆగి, నాగమణిని అడిగాను.

“ఇప్పుడు తినొచ్చు కదమ్మా?”

“తినుర్రి సార్,” అంది. “కానీ ఒక్కటే.”